ముంగిలికి పూలు – మూలపడ్డ వస్తువులకు కొత్త పని



వార్షికోత్సవం దగ్గరపడిందంటే మన హాస్టల్ ముందు రంగు కాగితాల తోరణాలు వెలుస్తాయి. గేటుకు అటూ ఇటూ అరటి బోదెలు కడతారు. మర్నాటికి కాగితాలు చిరిగి కాలువలో పడతాయి, బోదెలు వాడిపోతాయి. మిగతా సంవత్సరమంతా గోడ బోసిగానే ఉంటుంది. ఈసారి సంచికకు చదువుకు పనికివచ్చే పాఠం ఏదైనా రాయమని మమ్మల్ని అడిగారు. మేము ఇదే హాస్టల్‌లో ఉండి చదువుకుని, ఇప్పుడు ఎం.ఎస్సీ. వృక్షశాస్త్రం చదువుతున్నాము. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కినది ముందుగా మేమే. కావున పెద్ద పెద్ద విషయాల జోలికి పోకుండా, ఇంటి బయటి గోడను, ముంగిలిని పూలమొక్కలతోనూ పనికిరావని మూలన పడేసిన వస్తువులతోనూ కొత్తగా చేసుకోవడం ఎలాగో ఈ వ్యాసంలో తెలుసుకుందాం. ఇందులో వృక్షశాస్త్రం ఉంది, కొంత రసాయనశాస్త్రం ఉంది, దోమల జీవితచరిత్ర కూడా ఉంది. పరీక్షల్లో వచ్చే విషయాలు కూడా అక్కడక్కడా తగులుతాయి.

"ఇంటిని చూసి ఇల్లాలిని చూడు" అని పెద్దలు అంటారు. ఈ మాట మాకు అంతగా నచ్చదు. ఎందుకనగా ఇల్లు బాగుంటే పేరు ఇంటాయనకు, బాగులేకపోతే మాట ఇల్లాలికి వస్తుంది. అయినా ఇంటి ముందు భాగాన్ని చూసి లోపలి మనుషుల్ని లెక్కగట్టేవారు ఉన్నారనేది నిజమే. మనలో చాలామంది టౌను స్కూల్లో కలిసి చదివే స్నేహితుల్ని ఇంటికి పిలవరు. "మా ఊరికి బస్సు సరిగా లేదురా" అనో, "ఇంట్లో ఎవరూ ఉండరు" అనో చెప్పి తప్పించుకుంటారు. అసలు కారణం బస్సు కాదని చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. సున్నం వెలిసిన గోడ, వాకిట్లో విరిగిన బకెట్లు, కాలువ పక్కన గుట్టపడ్డ పాత సామాను, వీటిని ఇతరులు చూస్తారేమోనని బిడియం.

పూలమొక్క పెట్టినంత మాత్రాన మన ఇంట మంచినీళ్ళు తాగనివాడు తాగుతాడని మేము చెప్పడం లేదు. అతని సంగతి వేరు, దానికి చేయవలసిన పని వేరు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మన కళ్ళకు ఏం కనబడాలి, మన అమ్మానాన్నలు పని నుంచి వచ్చి కూర్చునే అరుగు ఎలా ఉండాలి అన్నంత వరకే ఈ పాఠం.

మొదట కొలత

2020 డిసెంబరు 25న మొదలుపెట్టి ఆంధ్రప్రదేశ్‌లో పంచిన ఇళ్ళ స్థలాలు గ్రామాల్లో సెంటున్నర. సెంటు అనగా 48.4 చదరపు గజాలు. సెంటున్నర అంటే 72.6 చదరపు గజాలు. ఇందులో ఇల్లు, స్నానాల గది, మెట్లు పోగా ముందు మిగిలేది మూడు నాలుగు అడుగుల పట్టీ మాత్రమే. అంతకు ముందు కట్టిన కాలనీల్లో కొంచెం ఎక్కువ ఉంటే ఉండవచ్చు. పత్రికల్లో వచ్చే తోటల బొమ్మల్లో పచ్చిక బయలు, రాతి బెంచీ, నీటి కుండీ ఉంటాయి. అవి చూసి మనకు కాదులే అనుకోవద్దు. మూడు అడుగుల పట్టీ, ఒక గోడ, గుమ్మానికి రెండు పక్కలా చోటు ఉంటే ఈ పాఠానికి సరిపోతుంది.

ఒక ఆదివారం పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు ముంగిట్లో నిలబడి ఎండ ఎక్కడ పడుతోందో చూడండి. బొగ్గుముక్కతో నేల మీద గీత గీసుకోండి. ఆరేడు గంటలు ఎండ పడేచోట బంతి, మందారం, కాగితం పూలు, బిళ్ళగన్నేరు పెరుగుతాయి. సగం నీడ ఉన్నచోట కనకాంబరం బాగుంటుంది. అసలు ఎండ తగలని మూలలో పూలమొక్క పెట్టడం వృథా. అది ఆకులు సాగదీసుకుని ఎండ వచ్చే వైపుకు వంగుతుంది తప్ప పూయదు. దీన్నే కాంతి అనువర్తనం అని చదువుకున్నాం.

రెండవది నీళ్ళు. ఎండాకాలంలో కుళాయి రెండు రోజులకొకసారి వచ్చే ఊళ్ళు ఉన్నాయి. అక్కడ తాగే నీళ్ళు పోసి పూలు పెంచడం న్యాయం కాదు. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళు ఏ మొక్కకైనా పోయవచ్చు. స్నానాల గది నుంచి వచ్చే సబ్బు నీళ్ళను మెట్టతామర పాదుకు మళ్ళించండి. తడి నేలను అది బాగా తట్టుకుంటుంది, ఎర్రగా, పసుప్పచ్చగా పూస్తుంది. కాలువ కంపు కూడా తగ్గుతుంది. బట్టలు ఉతికిన సోడా నీళ్ళు మాత్రం చిన్న మొక్కలకు పోయకూడదు.

గోడకు సున్నం

కొత్త రంగుల డబ్బా ధర ఎంతో మనకు తెలుసు. సున్నం దానిలో ఎన్నో వంతు ఖర్చుతో తెల్లటి గోడను ఇస్తుంది. సున్నపు ముక్క కాల్షియం ఆక్సైడు. నీళ్ళలో వేస్తే బుసబుస పొంగి వేడెక్కి కాల్షియం హైడ్రాక్సైడు అవుతుంది. గోడకు వేసిన తరువాత అది గాలిలోని కార్బన్ డయాక్సైడును మెల్లగా పీల్చుకుని కాల్షియం కార్బొనేటుగా మారుతుంది. అంటే గోడ మీద పలుచటి రాతి పొర ఏర్పడుతుంది. ఈ రెండు సమీకరణాలూ పదో తరగతి రసాయనశాస్త్రంలోవే. బోర్డు మీద రాసి బట్టీపట్టే బదులు ఒకసారి సంక్రాంతి ముందు ఇంట్లో చేసి చూస్తే మరచిపోరు.

చేసే పద్ధతి ఇది. ఇనుప డ్రమ్ములో గానీ పాత కుండలో గానీ ముందు నీళ్ళు పోసి, తరువాత సున్నపు ముక్కలను కొద్దికొద్దిగా వేయాలి. ప్లాస్టిక్ బకెట్ వద్దు, వేడికి మెత్తబడి వంగిపోతుంది. మొహం డ్రమ్ము మీదికి వంచకూడదు. సున్నం చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. పడితే వెంటనే ధారగా నీళ్ళు పోసి బాగా కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. చిన్నపిల్లల్ని దగ్గరకు రానివ్వకండి. ఒక రాత్రంతా నాననిచ్చి, మర్నాడు పాత గుడ్డలో వడకట్టి, పాల చిక్కదనానికి కలుపుకోవాలి. అందులో కొంచెం గంజి గానీ, నానబెట్టిన తుమ్మజిగురు గానీ కలిపితే చేతికి అంటకుండా ఉంటుంది. చిటికెడు నీలిమందు కలిపితే తెలుపు మెరుస్తుంది. గోడను దులిపి, నీళ్ళు చల్లి తడిపిన తరువాతే వేయాలి. పొడి గోడ సున్నంలోని నీటిని ఒక్కసారిగా లాగేసుకుంటుంది, అప్పుడు అది పొడిపొడిగా రాలుతుంది. ఒక మందపాటి పూత కంటే రెండు పలుచటి పూతలు మేలు.

గోడ అడుగున జానెడు, మూరెడు ఎత్తున ఎర్రమట్టి పట్టె వేయడం మన అవ్వల కాలం నాటి అలవాటు. కొన్ని జిల్లాల్లో దీన్నే జాజు అంటారు. దాని ఎరుపు ఇనుప ఆక్సైడు వల్ల వస్తుంది. అందానికే వేశారనుకుంటాం గానీ, వానకు చూరు నీళ్ళు నేల మీద పడి చిమ్మిన బురద మరకలు ఆ ఎరుపులో కలిసిపోయి కనబడవు. తెల్లటి గోడ, ఎర్రటి పట్టె, ముందు పచ్చటి ఆకులు. ఈ మూడు రంగులు కలిస్తే ఇంకే అలంకరణా లేకపోయినా ఇల్లు ఇల్లులా ఉంటుంది.

సున్నపు నీళ్ళు అడుగున పేరుకున్న తరువాత పైన తేట మిగులుతుంది. అందులో ఒక చెంచాడు తీసి పెట్టుకోండి. ఎర్ర మందార రేకులు గోరువెచ్చటి నీటిలో నానబెట్టి ఆ రంగు నీటిని రెండు గ్లాసుల్లో పోయండి. ఒకదానిలో నిమ్మరసం పిండితే ముదురు గులాబీ రంగు, రెండవదానిలో సున్నపు తేట పోస్తే ఆకుపచ్చ రంగు వస్తాయి. ఆమ్లం, క్షారం పాఠానికి లిట్మస్ కాగితం లేదని సైన్సు సారును ఇబ్బంది పెట్టనవసరం లేదు.

మూలపడ్డ వస్తువులు

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పాలి. చండీగఢ్ నగరాన్ని కట్టేటప్పుడు అక్కడ ఉన్న పల్లెలను ఖాళీ చేయించి ఇళ్ళు పడగొట్టారు. నేక్ చంద్ అనే ఆయన అక్కడి ప్రజాపనుల శాఖలో రోడ్ ఇన్‌స్పెక్టరు. 1957 ప్రాంతం నుంచి ఆయన ఆ కూల్చిన ఇళ్ళ శిథిలాల్లోని పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు, కరెంటు సామాను, సైకిలు విడిభాగాలు ఏరి తెచ్చి, ఊరి చివర అడవి స్థలంలో ఎవరికీ తెలియకుండా రాత్రిపూట బొమ్మలు, దారులు, గోడలు కట్టుకుంటూ పోయారు. అది కట్టడాలు కట్టకూడని ప్రభుత్వ భూమి. 1975లో అధికారుల కంటబడింది. పడగొట్టాలన్నారు. కానీ జనం ఆయన వైపు నిలిచారు. 1976లో రాక్ గార్డెన్ పేరుతో దాన్ని ప్రజలకు తెరిచారు, ఆయనకే ఆ పని అప్పగించి జీతం ఇచ్చారు. 1984లో పద్మశ్రీ వచ్చింది. 2015లో ఆయన కన్నుమూశారు. పడగొట్టిన పల్లె ఇళ్ళలోని గాజుముక్క ఇప్పుడు దేశదేశాల వారు టిక్కెట్టు కొని చూసే గోడలో ఉంది. నేక్ చంద్ చిత్రకళా పాఠశాలలో చదువుకున్నవారు కారని గమనించగలరు.

ఆయన పనిలో మేము నేర్చుకున్నది ఒకటుంది. ఆయన మొదట ఏళ్ళ తరబడి సేకరించారు, తరువాతే కట్టారు. ఒకే రకం వస్తువులు పక్కపక్కన వరుసగా పెట్టారు. ఒక పగిలిన పళ్ళెం గోడకు అంటిస్తే పిచ్చిపనిలా ఉంటుంది, నూరు ముక్కలు ఒక వరుసలో అంటిస్తే నగిషీలా ఉంటుంది. కాబట్టి దొరికిన ప్రతిదాన్నీ ఆ రోజే ముంగిట్లో పెట్టకుండా, గోతాల్లో రకరకాలుగా వేరుచేసి ఉంచండి.

మన ఇళ్ళలో దొరికేవి చూద్దాం. పాత పెంకుటిల్లు విప్పినప్పుడు మిగిలిన పెంకులను సగం భూమిలో పాతి వరుసగా నిలబెడితే పాదుకు గట్టు అవుతుంది. మట్టి కొట్టుకుపోదు, కోళ్ళు కాళ్ళతో గీరి మొక్కను బయటపడేయవు. కడప బండ, షాబాదు బండ ముక్కలు బండలు కోసే చోట కుప్పగా పోసి ఉంటాయి. అడిగి తెచ్చుకుంటే గేటు నుంచి గుమ్మం దాకా అడుగు అడుగుకూ ఒకటి పరిచి దారి చేయవచ్చు. వానాకాలంలో బురద కాళ్ళతో ఇంట్లోకి రాకుండా ఉంటుంది. చిల్లుపడిన కుండను పారేయకండి. దాన్ని పక్కకు వంచి మూడో వంతు నేలలో పాతి, మట్టి నింపి, మూతి దగ్గర నుంచి నేల మీదికి బిళ్ళగన్నేరు నాటితే, కుండలో నుంచి పూలు ఒలికినట్టు ఉంటుంది. సైకిలు చక్రం రిమ్మును పుల్లలతో సహా గోడకు మేకు కొట్టి తగిలిస్తే శంఖుపుష్పం తీగ దాని మీద చక్కగా అల్లుకుంటుంది.

తిరగలి, రోలు, సన్నికల్లు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మిక్సీలు వచ్చిన తరువాత ఇవి గొడ్లచావిట్లో పడి ఉన్నాయి. టౌనులో కొందరు ఇలాంటివి డబ్బు పోసి కొనుక్కెళ్ళి హోటళ్ళ ముందు అలంకారానికి పెడుతున్నారు. మన నాయనమ్మలు చేతులు కాయలు కాసేలా వాటితో విసిరారు. వాటిని కిలోల లెక్కన అమ్మేముందు ఒకసారి ఆలోచించండి. తిరగలి రెండు రాళ్ళూ ఒకదానిపై ఒకటి పేర్చి గుమ్మం పక్కన పూలకుండీకి పీట చేసుకోవచ్చు. రోలును బోర్లా వేసి కూర్చోవడానికి వాడుకోవచ్చు. అది నాయనమ్మ రోలు అని ఆమె పేరు చెప్పి చూపించుకోవచ్చు.

డబ్బాలు, ప్లాస్టిక్ బిందెలు, పగిలిన బకెట్లు అన్నీ కుండీలవుతాయి. అడుగున మేకుతో నాలుగైదు చిల్లులు పెట్టాలి. చిల్లుల మీద కుండపెంకులు బోర్లించి, ఆపైన ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, ఇసుక కలిపి నింపాలి. చిల్లులు లేకపోతే వేర్లకు గాలి అందక కుళ్ళిపోతాయి. మొక్క వాడిపోతోందని ఇంకా నీళ్ళు పోస్తాం, ఇంకా కుళ్ళిపోతుంది. డబ్బాలన్నింటికీ మిగిలిన సున్నమో ఎర్రమట్టో ఒకే రంగు పూస్తే వరుస అందంగా ఉంటుంది. సున్నం బయటి వైపు మాత్రమే పూయండి.

వాడకూడనివి

ఈ భాగాన్ని దయచేసి రెండుసార్లు చదవండి. మన తల్లిదండ్రుల్లో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. పొలంలో పురుగుమందు కొట్టి ఖాళీ అయిన డబ్బాలు ఇంటికి తెచ్చే అలవాటు ఉంది, మూత గట్టిగా ఉంటుందని కొందరు నీళ్ళు పట్టుకుంటారు కూడా. పురుగుమందు డబ్బాను ఎంత కడిగినా కుండీగా కూడా వాడవద్దు. పిల్లలు ఆడుకునే ముంగిట్లో అది ఉండనే కూడదు. పాత బ్యాటరీ డొక్కుల్లో సీసం, ఆమ్లం ఉంటాయి. వాటిని విప్పడం, కడగడం చేయవద్దు.

పాత రంగు డబ్బాల్లో పూలమొక్కలు పెట్టవచ్చు గానీ తోటకూర, పుదీనా వంటి తినేవి పెంచవద్దు. ఇంటి రంగుల్లో సీసం మిలియనుకు 90 పాళ్ళకు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2016లో చేసి, 2017 నవంబరు నుంచి అమలు చేశారు. దానికి ముందరి రంగుల్లో ఎంత ఉందో డబ్బా చూసి చెప్పలేం. పాత కిటికీ తలుపులను గీకి పాత రంగు పొడిగా రేపడం కూడా ఇందుకే మంచిది కాదు. విరిగిన సిమెంటు రేకులను పాదుల చుట్టూ గట్లుగా పెడుతుంటారు. వాటిలో ఆస్బెస్టాస్ నార ఉంటుంది. వాటిని కోసినా పగలగొట్టినా లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ఏళ్ళ తరువాత జబ్బు తెస్తుంది. సీసాలను బోర్లించి గట్టు కట్టే అందం బొమ్మలో బాగుంటుంది, చెప్పులు లేకుండా తిరిగే పిల్లలున్న వాకిట్లో బాగుండదు.

ఇక టైర్లు. రంగు వేసి మధ్యలో మొక్క పెట్టిన టైరు ఈమధ్య ప్రతి స్కూల్లోనూ కనిపిస్తోంది. అయితే టైరు లోపలి అంచులో వాననీరు నిలుస్తుంది, వంచినా పూర్తిగా పోదు. డెంగ్యూను మోసే ఈడిస్ దోమకు కావలసింది అలాంటి చోటే. ఈ దోమ కాళ్ళ మీద తెల్లటి చారలు ఉంటాయి. పగటిపూట కుడుతుంది. మురుగు కంటే నిలవ ఉన్న శుభ్రమైన నీళ్ళంటే దీనికి ఇష్టం. గుడ్లను నీటి అంచున పాత్ర గోడకు అంటిస్తుంది. నీరు ఎండిపోయినా అవి నెలల తరబడి చావకుండా ఉండి, మళ్ళీ వాన పడగానే పొదుగుతాయి. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి ఏడు నుంచి పది రోజులు చాలు. శుక్రవారం డ్రై డే అని ఆరోగ్య సిబ్బంది చెప్పేది ఇందుకే. వారానికొకసారి నీళ్ళన్నీ ఒంపేస్తే ఆ వరుస తెగిపోతుంది. ఒంపడమే కాదు, పాత్ర అంచులను పీచుతో రుద్దాలి, లేకపోతే గుడ్లు అలాగే ఉంటాయి. టైరు వాడాలనుకుంటే చుట్టూ అడుగున చిల్లులు పెట్టి, లోపలి అంచుల దాకా మట్టి కూరి నింపండి. అంత ఓపిక లేకపోతే టైరు జోలికి పోవద్దు. నూరు మంది పిల్లలు ఒకేచోట పడుకునే హాస్టల్‌లో ఒకరికి డెంగ్యూ వస్తే ఏమవుతుందో మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఏ పూలు?

కడియం, కడియపులంక నర్సరీల గురించి మీరు వినే ఉంటారు. గోదావరి ఒడ్డున ఎకరాల కొద్దీ మొక్కలే. వీలైతే విహారయాత్రకు అక్కడికి వెళ్ళమని మేము సిఫారసు చేస్తాము. కానీ ఈ పాఠానికి కావలసిన మొక్కలేవీ కొననక్కరలేదు. పక్కింటి కొమ్మ, గుడి దగ్గరి విత్తనం, దండలో ఎండిన పువ్వు చాలు.

బంతితో మొదలుపెట్టండి. ఎండిన బంతిపువ్వును నలిపితే నల్లటి సన్నటి గింజలు వస్తాయి, అవే విత్తనాలు. ఆషాఢంలో చల్లితే రెండు నెలలకు అటూ ఇటూగా పూతకు వస్తుంది, దసరాకు, బతుకమ్మకు అందుతుంది. మన పండుగలకు ఇంత దగ్గరైన ఈ మొక్క పుట్టిల్లు మెక్సికో ప్రాంతమంటే నమ్మబుద్ధి కాదు. బంతి వేర్ల నుంచి వచ్చే పదార్థాలు కొన్ని రకాల నులిపురుగులను అణచివేస్తాయి. వంగ, టమాటా మడుల పక్కన రైతులు బంతి వరుస వేయడానికి అదొక కారణం.

చంద్రకాంత మా అభిమాన మొక్క. సాయంత్రం నాలుగు దాటాక విచ్చుకుంటుంది. పొలం పని నుంచి అమ్మ వచ్చే వేళకు వాకిట్లో పూసి ఉంటుంది. మిరియాల్లాంటి నల్లటి విత్తనం నేలలో వేస్తే చాలు, మరుసటి ఏడు పడిన విత్తనాలతో అదే మొలుస్తుంది. ఇంటర్ బైపీసీలో చేరబోయేవాళ్ళు దీన్ని బాగా చూసిపెట్టుకోండి. ఎర్రపూల చంద్రకాంతను తెల్లపూల దానితో సంకరం చేస్తే మొదటి తరంలో గులాబీ రంగు పూలు వస్తాయి. అసంపూర్ణ బహిర్గతత్వానికి ఇది ఉదాహరణ. ఆకుల మీద తెలుపు, ఆకుపచ్చ మచ్చలుండే చంద్రకాంత మొక్కల మీద 1909లో కారెన్స్ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగాల వల్ల, కొన్ని లక్షణాలు తల్లి మొక్క నుంచి మాత్రమే సంక్రమిస్తాయని తెలిసింది. విత్తనాలు, వేర్లు తినకూడదు, చిన్నపిల్లలకు చెప్పి ఉంచండి.

బిళ్ళగన్నేరు ఎక్కడైనా పెరుగుతుంది, గోడ పగులులో కూడా. నీళ్ళు మరచిపోయినా అలగదు. దీని స్వస్థలం మడగాస్కర్ దీవి. 1958లో కెనడా శాస్త్రవేత్తలు దీని నుంచి విన్‌బ్లాస్టిన్ అనే మందును వేరుచేశారు. దీని నుంచే వచ్చిన మరో మందు విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి లభించింది. ఈనాటికీ పిల్లల రక్తక్యాన్సరు చికిత్సలో అది ముఖ్యమైన మందు. అయితే ఇది చదివి ఎవరూ ఆకులు నమలవద్దు. చక్కెర వ్యాధికి మంచిదని ఊళ్ళలో కొందరు పరగడుపున తింటున్నారు. ఆసుపత్రిలో కొలిచి సూదిమందుగా ఇచ్చేది వేరు, గుప్పెడు ఆకు తినేది వేరు. ఆకు విషపూరితమే.

కనకాంబరం మన దక్షిణ దేశపు మొక్కే. దాని ఎండిన కాయల మీద నీటిచుక్క పడితే టప్పున పేలి విత్తనాలు దూరంగా చిమ్ముతాయి. ఆదివారం పూట తమ్ముళ్ళకు మంచి కాలక్షేపం. నాలుగు మొక్కలుంటే అక్కచెల్లెళ్ళకు మూరెడు దండకు సరిపోను పూలు దొరుకుతాయి.

మందారం, నందివర్ధనం, కాగితం పూలు కొమ్మలతో వస్తాయి. పెన్సిలు లావు కొమ్మను జానెడు పొడవు ఏటవాలుగా కోసి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా గుచ్చి, నీడలో ఉంచాలి. తొలకరి దీనికి మంచి అదను. కాగితం పూలలో రంగుగా కనబడేవి రేకులు కావు, పుచ్ఛాలు. అసలు పువ్వు మధ్యలో సన్నగా, తెల్లగా ఉంటుంది. మల్లెకు కొమ్మను నేలకు వంచి ఒక కణుపు మట్టిలో కప్పి పైన రాయి పెడితే రెండు మూడు నెలల్లో వేరు పోస్తుంది. దీన్ని నేల అంటు తొక్కడం అంటారు. తెలంగాణ 2014లో తంగేడును, ఆంధ్రప్రదేశ్ 2018లో మల్లెను రాష్ట్ర పుష్పాలుగా ప్రకటించాయి. జనరల్ నాలెడ్జ్ పరీక్షకు ఇది పనికివస్తుంది.

గన్నేరు మాత్రం ముంగిట్లో వద్దు. ఎర్రదైనా పచ్చదైనా ఆకు, గింజ, పాలు అన్నీ గుండె మీద పనిచేసే విషాలే. మేకలు, దూడలు, చిన్నపిల్లలు తిరిగే చోట దాన్ని పెట్టకూడదు.

ఎవరు చేయాలి?

ఇంటి ముందు ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు వేసేది అమ్మ, అక్క. ఇప్పుడు పూలమొక్కలంటూ వారి నెత్తిన ఇంకో రెండు బిందెల నీళ్ళ పని పెడితే ఆ పూలు వారికి బరువే. మన హాస్టల్ మగపిల్లల హాస్టల్ కాబట్టి సూటిగా చెబుతున్నాము. సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు నీళ్ళు మోయడం, సున్నం కలపడం, డబ్బాలకు చిల్లులు పెట్టడం మన పని. సెలవులు అయిపోయాక నీళ్ళు పోసేదెవరో ముందే మాట్లాడుకుని, ఎన్ని మొక్కలకు సరిపోతుందో అన్నే పెట్టండి. ఎండిన పాతిక డబ్బాల కంటే పూసిన అయిదు చాలు.

హాస్టల్ విషయానికి వస్తే, ముందుగా వార్డెన్ సారు అనుమతి తీసుకోవాలి. గోడ పక్కన తవ్వేటప్పుడు పైపులు, కరెంటు తీగలు ఎక్కడున్నాయో వాచ్‌మన్ గారిని అడగాలి. గోడ పునాదికి ఆనుకుని కాకుండా అడుగున్నర వదిలి పాదు తీయాలి. వంటగది బయట బియ్యం కడిగిన నీళ్ళు రోజూ వృథాగా కాలువలో కలుస్తున్నాయి. ఆ నీటిని రెండు పాత బకెట్లలో పట్టుకుని అదే రోజు పోసేయాలి, మర్నాటికి ఉంచకూడదు. గదికి ఒక పాదు అప్పగించి, శుక్రవారం సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు పది నిమిషాలు నిలవ నీరు ఒంపే పనికి కేటాయిస్తే చాలు. పదో తరగతి వాళ్ళకు మార్చి నెలలో మినహాయింపు ఇవ్వండి, వాళ్ళ వంతు తొమ్మిదో తరగతి వాళ్ళు చూసుకుంటారు.

ఈ వ్యాసంతో పాటు బంతి, చంద్రకాంత, బిళ్ళగన్నేరు, శంఖుపుష్పం విత్తనాలను పాత నోటుపుస్తకాల కాగితాల్లో పొట్లాలు కట్టి తెచ్చాము. లైబ్రరీ గదిలో అలమర పై అరలో, మూత ఉన్న బూస్టు డబ్బాలో ఉన్నాయి. ప్రతి పొట్లం మీద మొక్క పేరు, విత్తనం కోసిన నెల రాసి ఉంది. సెలవులకు వెళ్ళేవాళ్ళు తలా ఒకటి తీసుకోండి. శంఖుపుష్పం గింజలను రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, మర్నాడు నాటండి. తడిచేత్తో డబ్బా మూత తీయవద్దు, లోపలివి బూజు పడతాయి.